అచ్చెన్న ఇంటి జాబితా

నేను రాసిన వీలునామాల్లో సగానికి సగం, రాయించుకున్నవాడిది కాని ఆస్తిని పంచిపెట్టినవే. పోయే కాలం దగ్గరపడేసరికి మనిషి చేతికి ఎముక లేకుండా పోతుంది. పక్కింటివాడి కొబ్బరిచెట్టు కూడా దానం చేసేస్తాడు. అతను పోయాక ఆ చెట్టు కోసం కొట్టుకునేవాళ్ళు వచ్చి నామీద పడతారు. అందుకని రంగూన్ లత పేటలో నా బల్ల దగ్గరికి వచ్చి ఎవరు వీలునామా అన్నా, ముందు ఇంటి జాబితా కావాలంటాను. గుమ్మం దగ్గర మొదలుపెట్టి కుడిచేతి వైపుగా ఇల్లంతా తిరిగి, కనపడ్డ ప్రతి వస్తువూ రాసి, అది ఎవరిదో అడిగి పక్కనే రాస్తాను. వీలునామా ఆ తరవాతే. ఇది చాలామందికి నచ్చదు. నచ్చనివాళ్ళు వేరేచోటికి వెళ్ళవచ్చు, రంగూన్‌లో రాసేవాణ్ణి నేనొక్కణ్ణే కాదు.

పందొమ్మిది వందల ఇరవై ఆరులో, వానలు ఇంకా దిగని రోజుల్లో, కూర్మనాథం అని ఒకతను వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. రేవులో పనికని రెండు నెలల కిందటే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట.

"ఏటవతల తన్లిన్‌లో మా సిన్నాయన కూరగాయలు పండిత్తాడు బాబూ. కాలూ సెయ్యీ పడిపోనాయి. పిల్లల్నేరు. ఉన్నదంతా నాకు రాసెత్తానన్నాడు. మీరొచ్చి రాయాలి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం పడవలో ఏరు దాటాం. దారిలో ఊరుకోకుండా తన ఆలోచనంతా చెప్పుకొచ్చాడు. చిన్నాయన పోయాక ఎడ్లు అమ్మేస్తాడు, పిన్నిని తనతో ఊరికి తీసుకుపోతాడు. అక్కడ వాళ్ళమ్మకి చేదోడుగా ఉంటుంది, సావిట్లో ఓ మూల పడుకుంటుంది, తిండికి లోటుండదు. చెడ్డవాడని అనలేను. ఆశ దాచుకోవడం తెలియనివాడు, అంతే. కానీ పిన్నిని అడిగావా అంటే, అడగడమేమిటన్నట్టు నా మొహం చూశాడు.

ఇల్లు చిన్నది, ఆకుల కప్పు. చుట్టూ వంగా, బెండా, మిరపా వేసే చేను. వసారాలో నులకమంచం మీద అచ్చెన్న పడుకుని ఉన్నాడు. ఎడమ పక్కంతా పడిపోయింది, మాట మాత్రం తెలుస్తోంది. మంచం పక్కన చాప మీద ఊ బా సేన్ గారు తమలపాకులు నములుతూ కూర్చున్నారు. ఆయన బర్మా రైతు. చేను ఆయనది. సాక్షి సంతకానికి పిలిపించారు. నాకు వచ్చిన బర్మా భాషలో పలకరిస్తే, అడక్కుండానే తన పద్ధతి చెప్పారు. ఆయన చేను ఏడాదికి ఇస్తారు. వానల ముందు సొంత ఎడ్లతో వచ్చి నిలబడ్డవాళ్ళదే ఆ ఏడు చేను. ఆడా మగా, ఏ దేశం వాళ్ళు అని చూడరు. ఎడ్లు లేనివాడికి మాత్రం తన కొడుకైనా సరే ఇవ్వరు.

అంటే ఎడ్లు ఎవరివో ఈ చేను వాళ్ళది. ఎడ్లు పోయిన రోజున ఈ ఇంటావిడ మూట కట్టుకోవలసిందే. అది నాకే కాదు, గుమ్మంలో నిలబడి ఉన్న దేముడమ్మకీ తెలుసు. యాభై దాటిన మనిషి. చీర పైకి దోపుకుని, మోకాళ్ళ దాకా మట్టితో, పని మధ్యలోంచి వచ్చినట్టుంది.

"ఎందుకు కూర్మనాథానికి రాస్తున్నావు?" అని అచ్చెన్నని అడిగాను. కారణం అడగడం నా పని కాదు, అయినా అడిగాను.

"నాకు కొడుకు నేడు పంతులూ. ఈ దేశంలో సచ్చి, కొరివెట్టీవోడు నేక కాలిపోతే నా గతేటి? రేత్రులు అదే బయం. ఈడు మా అన్న కొడుకు, కొరివెడతానన్నాడు. మరి ఆడికేటైనా ఇయ్యాల గదా."

"కొరివెట్టడానికి ఎడ్లెందుకు మావా? అగ్గిపెట్టి సాలదా?" అంది దేముడమ్మ.

"నువ్వు నోర్ముయ్యే."

ఆవిడ ముయ్యలేదు. నా వైపు తిరిగింది. "బాబూ, నువ్వు ముందు ఇల్లంతా రాత్తావంట గదా. రాయి. నానూ నీ ఎనకాల తిరుగుతాను."

తిరిగింది. గుమ్మం పక్కన గొడుగు, అచ్చెన్నది. కావిడిబద్ద, లాంతరు, అచ్చెన్నవి. ఇత్తడి బిందె తనదంది. నేను వసారా వైపు కేకవేశాను. "అచ్చెన్నా, బిందె దేముడమ్మది అంటోంది, నిజమేనా?" మంచం మీంచి "ఊఁ" అని వచ్చింది. రుబ్బురోలు తనదంది. వాళ్ళమ్మ ఓడలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. రోలు ఒళ్ళో పెట్టుకుని సముద్రం దాటిన ఆడమనిషి కూతురు ఈవిడ మరి. మళ్ళీ అడిగాను. మళ్ళీ "ఊఁ." పొయ్యి పైన ఆనపకాయ బుర్రల్లో ఎండబెట్టిన విత్తనాలు, బీర, పొట్ల, నాటు మిరప, ఏటికేడు ఏరి దాచింది తానే అంది. దానికీ "ఊఁ" అనే అన్నాడు. కాదని ఒక్క మాట అంటే అయిపోయేది. చివరి మాట అతనిదే. అంత రోగంలోనూ అబద్ధం నోట రాని మనిషి మీద నాకు గౌరవం పుట్టింది.

చెక్కపెట్టె తెరిస్తే మడత నలగని కోటు ఉంది. ఊరెళ్ళేటప్పుడు తొడుక్కుంటానని పదహారేళ్ళ కిందట కుట్టించాడట. ఊరెళ్ళలేదు. రాసుకున్నాను. పెట్టె, కోటు, అచ్చెన్నవి.

పెరట్లో నాగలి చూసి, "అదాయనది. సెక్కింది ఆయనే" అంది దేముడమ్మ. తనది కానిదాన్ని తనదని ఒక్కసారీ అనలేదు.

పక్కనే పాకలో ఎడ్లు రెండూ గడ్డి నములుతున్నాయి. దేముడమ్మ లోపలికి వెళ్ళి ఒకదాని మూపురం మీద చెయ్యి వేసింది.

"ఇయ్యి నాయి."

కూర్మనాథం ముందుకొచ్చాడు. "అదేటి పిన్నీ? రైతు ఎడ్లు రైతువి కావా?"

"నా పెళ్ళికి మా అయ్య రంగూన్ సంచౌంగులో పెయ్యని కొని అరణం ఇచ్చినాడు. బత్తాలు మోసి మోసి కొన్నాడు. ఆ పెయ్యకి పుట్టింది ఎర్రావు. ఎర్రావుకి పుట్టినాయి ఈ రెండూ."

ఇంక నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పుట్టింటివాళ్ళు అరణమిచ్చిన ఆవు ఆడపిల్లదే. అది ఎన్ని ఈతలు ఈనినా, దాని పిల్లలకి పిల్లలు పుట్టినా, అన్నీ ఆవిడవే. మొగుడు కాడి కట్టుకోవచ్చు, పాలు తాగవచ్చు, కాని ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. కూర్మనాథానికీ ఇది తెలియనిది కాదు. అతని మొహమే చెప్పింది.

"అదంతా మనూరి మాట పిన్నీ. ఇది బర్మా" అన్నాడు.

"కొరివి మనూరిదైతే, అరణం కూడా మనూరిదే."

ముగ్గురం వసారాలోకి వచ్చాం. జాబితా పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. నా వృత్తిలో ఏ జవాబు వస్తే బాగుండునని కోరుకోకూడదు. ఆ పూట కోరుకున్నాను. సిగ్గుపడుతూనే కోరుకున్నాను.

"అచ్చెన్నా, ఎడ్లు తన అరణపు ఆవు సంతానం అంటోంది. నిజమేనా?"

ఈసారి "ఊఁ" రాలేదు. కళ్ళు మూసుకున్నాడు. దేముడమ్మ బతిమాలలేదు, దగ్గరికీ రాలేదు. స్తంభానికి ఆనుకోకుండా నిటారుగా నిలబడి ఉంది. ఊ బా సేన్ గారికి మా మాటలు తెలియకపోయినా నమలడం ఆపేశారు.

"ముక్కుతాళ్ళు ఎక్కించింది నాను" అన్నాడు అచ్చెన్న. "దున్నింది నాను. జబ్బు సేత్తే పక్కన పడుకున్నది నాను."

"పడుకున్నావు. కాదన్నానా?" అంది దేముడమ్మ.

అచ్చెన్న కళ్ళు తెరిచాడు. తరవాత, "అరణపువే పంతులూ" అన్నాడు. "ఎర్రావు ఈనినపుడు నాను పక్కనే ఉన్నాను. బజార్లో అందరికీ నా ఎడ్లు, నా ఎడ్లు అని సెప్పుకున్నాను." బాగున్న కంట్లోంచీ బాగులేని కంట్లోంచీ కూడా నీళ్ళు కారాయి. నాకు కష్టమనిపించింది. అయినా రాశాను. ఎడ్లు రెండు, దేముడమ్మవి.

జాబితా చదివి వినిపించాను. అచ్చెన్న పేరు కింద గొడుగు, కావిడిబద్ద, లాంతరు, పెట్టె, కోటు, నాగలి. అంతే. అతను అన్న కొడుకు వైపు చూశాడు.

"ఇదీ నా ఆస్తి. ఈటికి కొరివెడతావేటిరా?"

కూర్మనాథం నేల చూపులు చూశాడు. "కొరివెడతాను సిన్నాయనా" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. అచ్చెన్న రాయమన్నాడు, ఆ సామానంతా అతని పేరునే రాశాను.

సాక్షి కాబట్టి జాబితా బర్మా భాషలోనూ చెప్పాను. కాగితాలు సర్దుకుంటుంటే ఊ బా సేన్ గారు పెరటివైపు చెయ్యి చూపించి, "బావి రాయలేదే" అన్నారు. ఈ నేలలో ఎక్కడ తవ్వినా ఉప్పునీరేనట. పడ్డ మంచినీటి నుయ్యి అదొక్కటే. నేల తనదైనా నుయ్యి తనది కాదని, తవ్వినవాళ్ళదేనని అన్నారు. ఆ మాట అచ్చెన్నకి చెప్పాను.

"నాదే" అన్నాడు. అంత గట్టిగా మాట్లాడగలడని అనుకోలేదు. "మూడు సోట్ల తవ్వితే ఉప్పొచ్చింది. నాలుగోది అది. నానే తవ్వినాను. రాయి."

"ఎవరికి రాయను?"

పెళ్ళాం వైపు చూడకుండానే చెప్పాడు. "దేముడమ్మకి. నుయ్యి దేముడమ్మకి."

ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తున్నాను, ఆవిడ కోసం నాకు అంత సంతోషంగా ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"సగమే రాయి."

"అదేమిటమ్మా, నీకే ఇస్తున్నాడు కదా."

"తవ్వింది ఆయన. మట్టి తట్టలు మోసింది నాను. ఏడో నెల కడుపుతో మోసినాను. ఆ కడుపు నిలబడనేదు." భర్త వైపు తిరిగింది. ఆ పూటంతా గట్టిగా ఉన్న గొంతు అక్కడొక్కచోట సన్నబడింది. "సగం నాది మావా. నాది నాకెలా ఇత్తావు? నీ సగం ఇయ్యి, తీసుకుంటాను."

అచ్చెన్న ఆవిణ్ణి చూశాడు, నేను వచ్చాక మొదటిసారి. "సగమే పంతులూ. కొట్టెయ్యి" అన్నాడు.

కొట్టేసి, 'నూతిలో నా సగం నా భార్య దేముడమ్మకు' అని రాశాను. అచ్చెన్న కుడి బొటనవేలు ముద్ర వేశాడు. ఊ బా సేన్ గారూ నేనూ సంతకాలు చేశాం. చదివి వినిపించమన్నాడు. చదివాను. 'నా సగం' అన్నచోట ఆపి మళ్ళీ చదవమన్నాడు. రెండోసారి చదివి తలెత్తేసరికి దేముడమ్మ అక్కడ లేదు. ఎడ్లు విప్పుకుని చేనిలోకి దిగిపోయింది.