జొన్నాడ దాకా వచ్చినవాడు

అమ్మిరాజు గారిని మేము మొదటిసారి చూసింది 2002 జనవరిలో, జొన్నాడ బ్రిడ్జి కింద. అప్పటికి ఆయన పేరేమిటో ఎవరికీ తెలియదు. హైవే పక్కన టీ కొట్టు నడిపే వీరాయమ్మ కబురు పెడితే వెళ్ళాం.

"పాపం, ఎవరినీ ఏవీ అనడండి. రోజూ ఇంత టీ, రెండిడ్లీలు అక్కడెట్టి వచ్చేస్తానండి. నేను ఇవతలికొచ్చేసేకే తింటాడు. ఆ కాలు చూడండొకసారి, పురుగులు పట్టేసింది," అంది.

నేను అప్పట్లో మండపేటలో ఒక చిన్న సేవాసంస్థలో నర్సుని. రోడ్ల మీద తిరిగే మతిస్థిమితం లేనివాళ్ళకీ, తాగుడు మానలేనివాళ్ళకీ వైద్యం చేయించడం మా పని. ఆరు మంచాలు పట్టే రేకుల షెడ్డు, ఒక పాత వ్యాను, నెలకు రెండుసార్లు కాకినాడ నుంచి వచ్చే డాక్టరు గారు, వ్యాను నడిపే మోషే. అంతే మా సంస్థ. మోషే కూడా ఒకప్పుడు తాగుడు మానడానికే మా దగ్గరికి వచ్చాడు. మానాక వెళ్ళిపోకుండా ఉండిపోయాడు.

మొదటి రోజు ఆయన మా మీద రాళ్ళు విసిరాడు. జడలు కట్టిన జుట్టు, మెడకు చుట్టుకున్న గోనెసంచి, కాలి మీద అరచేయంత పుండు. నేను వెనక్కి వచ్చేశాను. మోషే మాత్రం రాయి అందనంత దూరంలో ఇసుకలో కూర్చున్నాడు. మాట్లాడలేదు, పిలవలేదు. గంటసేపు అలా కూర్చుని లేచి వచ్చాడు. మర్నాడూ అంతే. ఎందుకలా అని అడిగితే, "మనిషి దగ్గరికొస్తే భయమండి ఆయనకి. నాకు తెలుసు కదండీ ఆ భయం. కొంచెం అలవాటు పడనివ్వండి," అన్నాడు.

తొమ్మిదో రోజున మోషే చేతిలోంచి టీ గ్లాసు అందుకున్నాడు. ఆ వారంలోనే డాక్టరు గారు బ్రిడ్జి కిందకి దిగి, ఇసుకలో గొంతుక్కూర్చుని ఆయన్ని పరీక్ష చేశారు. ఇది మందు, నీ తలలో వినపడే ఆ మాటలు తగ్గుతాయి అని చెప్పి ఇచ్చారు. మాటలు అనగానే ఆయన మొదటిసారి తలెత్తి డాక్టరు గారి మొహంలోకి చూశాడు. నేను పుండు కడుగుతుంటే పళ్ళు బిగపట్టి ఓర్చుకున్నాడు.

ఫిబ్రవరి చివర్లో తనంతట తనే వ్యాను ఎక్కాడు. ఎక్కేముందు మాత్రం వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగి, చక్రాలూ వెనక తలుపూ చూసి, "ఎక్కడికి?" అని అడిగాడు. మండపేటకని మోషే చెబితే వణికిపోయాడు. వద్దులే, రేపెళ్దాం అని మోషే అన్నాక చాలాసేపు నిలబడి, అప్పుడెక్కాడు. ఆ వణుకు ఎందుకో మాకు అప్పుడు అర్థం కాలేదు.

షెడ్డులో జుట్టు తీయించి స్నానం చేయించాక చూస్తే, మేము అరవై ఏళ్ళవాడనుకున్న మనిషికి నలభై కూడా దాటలేదు.

ఏప్రిల్లో ఒక పొద్దున నేను వంటకి బియ్యం ఏరుతుంటే పక్కకి వచ్చి గుప్పెడు తీసి చూశాడు.

"ఇవి మంచి బియ్యం కావండి. నూక ఎక్కువుంది. ఎవరిచ్చేరో గానీ మిమ్మల్ని మోసం చేసేరు."

అంత పొడుగు మాట ఆయన నోట వినడం అదే మొదలు. నేను చేతిలో చేట కింద పెట్టేశాను.

"మీకు వ్యవసాయముందాండీ?"

"ఆయ్. గోదారి లంకలో. కపిలేశ్వరపురం పక్కనండి."

"పేరండీ?"

"అమ్మిరాజండి."

మోషే నా వైపు చూశాడు. జొన్నాడలో హైవే దిగి ఏటిగట్టు రోడ్డు పట్టుకుంటే కపిలేశ్వరపురం ఆటోలో ముప్పావుగంట కూడా పట్టదు. రెండేళ్ళుగా ఆయన బ్రిడ్జి కిందే ఉన్నాడని వీరాయమ్మ చెప్పింది. ఇంటికంత దగ్గర్లో ఉండి ఎందుకు వెళ్ళలేదండీ అని అడిగాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పదిరోజుల తర్వాత నేనూ మోషే ఆ ఊరు వెళ్ళాం. ఇల్లు వెతకడం కష్టం కాలేదు. ముందు వాకిట్లో కొబ్బరికాయల రాశి, పక్కన ఎండబెట్టిన పీచు డొక్కలు. అరుగు మీద యాభై ఏళ్ళ పెద్దమనిషి కూర్చుని కూలీల చేత కాయలు ఒలిపిస్తున్నాడు. ఆయన అన్నగారు, పోలిరాజు గారు. మంచినీళ్ళు తెప్పించి, కుర్చీలు వేయించి, ఏ పని మీద వచ్చారని ఎంతో మర్యాదగా అడిగాడు. నేను ఆయన తల వెనక గోడమీద ఫొటో చూస్తున్నాను. దండ వేసి ఉంది. బ్రిడ్జి కింది మనిషే.

నా చూపు గమనించి, "మా తమ్ముడండి," అన్నాడు. "తొంభయ్యారు తుఫాన్లో పోయేడు. శవం కూడా దొరకలేదు."

"బతికే ఉన్నారండి. మా దగ్గర మండపేటలో ఉన్నారు," అన్నాను.

ఎక్కడ అంటాడనుకున్నాను. ఎలా ఉన్నాడు అంటాడనుకున్నాను. ఆయన అరుగు అంచు గట్టిగా పట్టుకుని, గొంతు బాగా తగ్గించి అడిగాడు: "ఏవన్నా చెప్పేడాండీ?"

ఈలోగా లోపలి నుంచి ఒకావిడ వచ్చింది. బొట్టు లేని మొహం, చేతులు బోడిగా ఉన్నాయి. అమ్మిరాజు గారి భార్య సూర్యావతి. నా మాట గుమ్మం అవతలే విన్నట్టుంది. ఏడవలేదు. "నన్ను ఇప్పుడే తీసికెళ్తారాండీ?" అంది. కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా వచ్చి వ్యాను ఎక్కేసింది. పోలిరాజు గారు కాసేపు ఆగి, కండువా భుజాన వేసుకుని, ఆవిడ వెనకే ఎక్కాడు. స్కూలు నుంచి అప్పుడే వచ్చిన కూతురు లావణ్య మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది. రమ్మంటే తల అడ్డంగా ఊపింది.

దారిలో సూర్యావతి చెబుతూనే ఉంది. పెళ్ళయిన ఆరేళ్ళకి ఆయనకి జబ్బు మొదలైందట. ఎవరో పిలుస్తున్నారని చేలో ఒక్కడే మాట్లాడుకునేవాడట. మంత్రాలు వేయించారు, గుళ్ళకి తిప్పారు, కాకినాడ తీసుకెళ్ళారు. మందులు వాడితే తగ్గేది, మానితే తిరగబెట్టేది. తుఫానుకి రెండు రోజుల ముందు, అమలాపురం అవతల ఎవరో మందిస్తున్నారంటే బావగారు తీసుకెళ్ళి అక్కడ దింపి వచ్చారట. ఆ తర్వాతే గాలివాన. "మనిషి మాయమైపోయేక కూడా బావగారు మమ్మల్ని కడుపులో పెట్టుకు చూసేరండి. లావణ్యని సొంత కూతురిలా పెంచుతున్నారు," అంది. పోలిరాజు గారు కిటికీలోంచి గట్టునే చూస్తున్నాడు.

షెడ్డులో అమ్మిరాజు గారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. భార్యను చూసి లేచి నిలబడ్డాడు. ఇద్దరూ దగ్గరికి రాలేదు. ఆయనే ముందు అడిగాడు.

"లావణ్యకి ఆ ముందు పన్ను ఊడిందా?"

ఆవిడకి అప్పుడొచ్చింది ఏడుపు. "ఊడి, మళ్ళీ వచ్చిందండి. పధ్నాలుగేళ్ళు దానికిప్పుడు."

ఆయన నమ్మలేనట్టు వేళ్ళు ముడుచుకుంటూ లెక్క చూసుకున్నాడు.

"తుఫాన్లో ఎక్కడ చిక్కడిపోయేరండీ? ఎలా బతికేరు?"

"ఏ తుఫాను?" అన్నాడాయన. అడగడంలో దాపరికం ఏమీ లేదు. నిజంగానే తెలియదు. "నేను లారీలో ఉన్నాను కదా. మండపేటలో బియ్యం లారీ. అన్నయ్యే ఎక్కించేడు. రెండ్రోజులు పోయేక డ్రైవరు దింపేసేడు. మన మాట ఎవరికీ తెలీని ఊరది."

షెడ్డులో అందరం విన్నాం. పోలిరాజు గారు తలుపు దగ్గరే ఉన్నాడు. సూర్యావతి నెమ్మదిగా ఆయనవైపు తిరిగింది. ఆవిడ ఏమీ అడగక ముందే ఆయన గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు.

"ఆవేళ కత్తి పట్టుకుని పిల్ల వెనక పడ్డాడమ్మా. నువ్వు రేవుకెళ్ళేవు. నేను గనక లేకపోతే దాన్ని నరికేసును. నీకు చెప్పలేదు. ఇంకెన్నాళ్ళు కాపలా కాస్తాను? నాకు ఆ పూట ఇంకోటి తోచలేదు. మళ్ళీ మర్నాడే మనసొప్పక వెతికిద్దామనుకున్నాను. ఈలోగా గాలివానొచ్చింది. ఊళ్ళో అందరూ వాళ్ళంతట వాళ్ళే పోయేడనేసేరు. నేను... ఊరుకున్నాను."

సూర్యావతి తన చేతులు చూసుకుంది.

"నా చేతుల గాజులు తీయిస్తుంటే మీరు పక్కనే నిలబడ్డారు కదండీ, బావగారూ."

నేను ఈ పనిలో చాలామంది ఏడవడం చూశాను. అంత పెద్దమనిషి నేలమీద మొహం పెట్టి ఏడవడం చూడడం అదే మొదటిసారి. అమ్మిరాజు గారు వెళ్ళి అన్న పక్కన కూర్చున్నాడు. "కత్తి సంగతి నాకు గుర్తులేదు అన్నయ్యా," అన్నాడు. ఆ తర్వాత నావైపు చూసి, నేను ఎప్పుడో అడిగిన మాటకి అప్పుడు జవాబు చెప్పాడు. "నడిచీ, రైళ్ళెక్కీ జొన్నాడ దాకా వచ్చేనండి. గట్టెక్కితే ఇల్లే. కానీ మళ్ళీ లారీ ఎక్కించేస్తారేమోనని భయమేసింది. అక్కడే ఉండిపోయేను."

సూర్యావతి ఆ ఇంటికి తిరిగి వెళ్ళలేదు. కొత్తపేటలో ఒక గది తీసుకుంది. మేము ప్రతి రెండో శనివారం కొత్తపేటలో శిబిరం పెట్టేవాళ్ళం, అక్కడికి భర్తను తెచ్చి సూది వేయించేది. ఆయన రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు దింపే పనిలో కుదిరాడు. పనిలో నెమ్మది, కానీ ఒక్క గెల కూడా నలగనిచ్చేవాడు కాదని అక్కడివాళ్ళు చెప్పుకునేవారు.

లావణ్య వాళ్ళతో రాలేదు. నేను వెళ్ళి నచ్చజెప్పబోయాను. "ఆయనెవరో నాకు తెలీదండి. నాకు గుర్తున్నది ఆ కత్తొక్కటే. ఎనిమిదేళ్ళదాన్నండి నేను, అరటితోటలో పరిగెట్టేను. అమ్మకి చెప్పొద్దన్నారు పెదనాన్న, అమ్మ భయపడుద్దని. ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు అమ్మ మా పెదనాన్నని వదిలేసి ఆయన్ని పట్టుకెళ్ళింది," అంది. తల్లి ప్రతి ఆదివారం పడవ రేవు దాకా వెళ్ళి, పిల్ల రాకపోతే తెచ్చిన జంతికలు రేవులో ఎవరి చేతో దానికి పంపించి తిరిగొచ్చేది.

పోలిరాజు గారు తాగుడులో పడ్డాడు. అంతవరకూ ముట్టని మనిషట. మోషే మూడుసార్లు ఆ ఊరు వెళ్ళాడు. మూడోసారి నేనూ వెళ్ళాను. పగటిపూటే చేతులు వణుకుతున్నాయి. కళ్ళు పచ్చబడ్డాయి.

"వచ్చి పదిరోజులు మా దగ్గరుండండి. నేను మానేను కదండీ, నాకన్నా తాగినోడు లేడు," అన్నాడు మోషే.

"నువ్వు మరిచిపోడానికి తాగేవు బాబూ. నేను తాగినా మరుపు రావడం లేదు," అన్నాడాయన. "వాడు బాగున్నాడా? వేళకి మాత్రలేసుకుంటున్నాడా?" ఎన్నిసార్లు వెళ్ళినా చివరికి అదే అడిగేవాడు. "మాత్రలు మానకుండా చూడండమ్మా. మేం అక్కడే తప్పు చేసేం."

2005 ఆగస్టులో పోయాడు. ఆయనకి పిల్లలు లేరు. కబురు కొత్తపేట చేరేసరికి అమ్మిరాజు గారు మార్కెట్లో ఉన్నాడు. భుజాన ఉన్న గెల జాగ్రత్తగా దింపి, ఒంటికంటిన అరటి జిగురు కడుక్కుని వచ్చి, "కొరివి నేనే పెట్టాలి కదండీ," అన్నాడు. సూర్యావతి రానంది. మేమెవరం ఒత్తిడి చేయలేదు. వ్యానులో ఆయనతో నేనూ మోషే వెళ్ళాం.

ఊరంతా చేరి ఉంది. ఆ ఊరి లెక్కలో అమ్మిరాజు గారు ఎప్పుడో చచ్చిపోయిన మనిషి. ఎవరూ పలకరించలేదు, పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. ఆయన అన్న కాళ్ళ దగ్గర కూర్చుని, పసుపు రాసిన ఆ పాదాలు రెండు చేతులతో పట్టుకుని, ఎంతకీ వదల్లేదు. వరదనీళ్ళు గట్టు వార దాకా వచ్చి ఉన్నాయి. లంకలో శ్మశానం మునిగిపోవడంతో గట్టు వెనకే దహనం చేశారు.

అంతా అయ్యాక తడిబట్టలతో వాకిట్లో నిలబడితే, లావణ్య లోపలి నుంచి పొడి తువ్వాలు తెచ్చింది. దగ్గరికి రాకుండా కుర్చీ మీద పెట్టింది. వెళ్ళబోయి ఆగింది.

"పదకొండో రోజు దాకా తలకి నూనె రాసుకోకూడదంట, నాన్నా," అంది, నేలకేసి చూస్తూ.

ఆయన తల ఊపాడు. తువ్వాలు తీసుకుని, తుడుచుకోకుండా చేత్తో పట్టుకుని, వ్యానెక్కేవరకూ అలాగే ఉన్నాడు.

మేము కొత్తపేట చేరేసరికి సాయంత్రమైంది. సూర్యావతి నీళ్ళు కాచి ఉంచింది. ఆయన స్నానానికి పెరట్లోకి వెళ్ళాక, నన్ను గుమ్మం పక్కకి పిలిచింది. బావగారి గురించి ఒక్క మాట అడగలేదు.

"అది కనబడిందాండీ? ఏవన్నా మాట్లాడిందా ఆయనతో?"

నేను ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్నా అందా అని మళ్ళీ అడిగింది. అందమ్మా అన్నాను. ఆవిడ వంటగదిలోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. అన్నం పొంగి గంజి మంటలో పడుతున్నా లేవలేదు. నేనే వెళ్ళి గిన్నె దించాను.