ఏం చెప్తే లేస్తారు

మట్టి మూకుడులో మొక్కజొన్న గింజలు వేగుతున్నాయి. పెట్రొనెలా ఎడమచేతి వేళ్ళతో నాలుగు గింజలు తీసి రాతి మీద వేసి, కుడిచేతిలోని రాయితో ఒక్క దెబ్బ వేస్తే అటుకు తయారవుతుంది. గరిటెతో తీస్తే ఆలస్యం, ఆ కాస్తలో గింజ చల్లారి పగిలిపోతుంది. అందుకే లెంబాటా దీవి దక్షిణపు ఒడ్డున ఏ ఆడదాని ఎడమచెయ్యి చూసినా వేళ్ళు కాయలు కాసి ఉంటాయి. అటుకులు కరకరలాడుతున్నాయని మగవాళ్ళు మెచ్చుకుంటారు గానీ వేళ్ళ సంగతి ఎవరూ అడగరు.

పెట్రొనెలాకు ఆ చేతికి మూడు గోళ్ళు నల్లబడి ఉన్నాయి. అది వేడి వల్ల కాదు. ఒడ్డు మీదనుంచి "తిమింగలం" అని కేక లేచినప్పుడల్లా ఆమెకు ఊపిరి అందదు, చెయ్యి వణుకుతుంది, రాయి వేలి మీద పడుతుంది. ఏడేళ్ళుగా ఇదే వరస.

పడవ ముక్కున నిలబడి ఈటెతో తిమింగలం మీదికి దూకేవాడి భార్యకు ఆ ఊళ్ళో ఒక నియమం ఉంది. పడవ నీళ్ళలో ఉన్నంతసేపూ ఆమె గొంతు లేపకూడదు, ఎవరి మీదా మనసులో కూడా విసుక్కోకూడదు, ముఖ్యంగా భయపడకూడదు. ఆమె మనసు చెదిరితే పడవ చెదురుతుందట. సముద్రంలోకి దూకేది ఆయన, తప్పు చేసేది ఈమె. ఎవరు పెట్టారో గానీ మగవాళ్ళకు బాగా కుదిరిన నియమం.

ఏడేళ్ళ కిందట ఈటె తాడు కాలికి చుట్టుకుని ఆమె భర్త బ్లాసియుస్ నీళ్ళలోకి పోయాడు. శవం కూడా దొరకలేదు. ఆ మధ్యాహ్నం పడవవాళ్ళంతా తడిబట్టలతోనే వచ్చి ఈ వాకిట్లో కూర్చున్నారు. ఆమెను ఏడవనివ్వలేదు, ముందు అడిగారు. పొద్దున ఇంట్లో ఏం జరిగింది? ఏమీ జరగలేదంది. అత్తగారు పక్కన కూర్చుని వీపు నిమురుతూ, "బాగా ఆలోచించు తల్లీ. ఏదో ఒకటి అనే ఉంటావు" అంది. పొద్దు వాలేదాకా అదే ప్రశ్న. చివరికి పెట్రొనెలా, ఆయన పొగాకు అడిగితే విసుక్కుని మొహం తిప్పుకున్నానని చెప్పింది. పాపం కడిగినట్టు ఆమె మీద తీర్థం చల్లారు. అందరూ లేచి వెళ్ళారు. మర్నాడే పడవకు తిమింగలం దొరికింది, దాంతో నేరం రుజువైపోయింది.

ఆనాటినుంచి కొడుకు దామియన్ ఆమె పెట్టింది తింటాడు, మొహం చూడడు. ఆమె నెలనెలా గుడికి వెళ్ళి పాపసంకీర్తనంలో ఫాదరు దగ్గర అదే పొగాకు సంగతి చెప్పుకుంటుంది. క్షమాపణ దొరుకుతుంది, భయం మాత్రం పోదు. చేయని పాపాన్ని ఎన్నిసార్లు క్షమిస్తే మాత్రం ఏం పోతుంది. కానీ చేయలేదన్న మాట కూడా ఆమె నెమ్మదిగా మరిచిపోయింది. చెప్పగా చెప్పగా ఆ పొగాకే నిజమైంది, ఆ పొద్దున జరిగింది కాస్తా చెరిగిపోయింది.

మొన్న ఆదివారం సువార్తలో తుఫానులో చిక్కిన పడవ కథ వచ్చింది. వింటూ వింటూ ఆమెకు ఒక వింత ఆలోచన తట్టింది. ఆ పడవలో పేతురు ఉన్నాడు. పేతురుకు జ్వరం తగిలిన అత్త ఉందంటే భార్యా ఉన్నట్టే కదా. ప్రభువు గాలిని గద్దించాడు, సముద్రాన్ని గద్దించాడు. పేతురు భార్య పొద్దున ఇంట్లో ఏమందని మాత్రం అడగలేదు.

గింజలు మాడిన వాసనకు ఆమె తలెత్తింది. వాకిట్లోకి మనుషులు వస్తున్నారు. తడిబట్టలు. వాళ్ళలో దామియన్ కనిపించాక గానీ ఊపిరి ఆడలేదు. బతికే ఉన్నాడు. ఈ ఏడే ఈటె పట్టాడు. మూడు రోజులుగా వట్టి చేతులు, ఇవాళ తిమింగలం తోక దెబ్బకు పడవ పలక పగిలింది, ఒకతనికి పక్కటెముకలు విరిగాయి. అందరూ కూర్చున్నారు. ఐదు నెలల కిందట కొండ ఊరినుంచి కోడలుగా వచ్చిన సెలి గుమ్మంలో నిలబడి ఉంది. అది మొక్కజొన్న పండించేవాళ్ళ పిల్ల, సముద్రం భాష దానికింకా రాదు.

బ్లాసియుస్ వాళ్ళన్న ఇగ్నాస్ గొంతు సవరించుకున్నాడు. "నెలా, కోడల్ని నువ్వే అడుగమ్మా. ఆడపిల్ల, మాకు చెప్పుకోలేదు. పొద్దున ఇంట్లో ఏం జరిగిందో చెప్పిస్తే మా దారిన మేం పోతాం."

ఆ రోజు తన అత్తగారు కూర్చున్న చోటే ఇప్పుడు పెట్రొనెలా కూర్చుని ఉంది. సెలి వచ్చి పక్కన కూలబడి, చెవిలో గుసగుసగా అడిగింది. "అత్తా, ఏం చెప్తే లేస్తారు వీళ్ళు?"

ఏడేళ్ళ కిందట ఈ వాకిట్లోనే పెట్రొనెలా తనను తాను అడుక్కున్న మాటా అదే. నడుముకు దోపుకున్న జపమాల అందుకుంది. నేర్చిన జపాలేవీ గుర్తు రాలేదు. ప్రభువా, పడవలో నీ పక్కనే కూర్చుని కూడా వాళ్ళు భయపడ్డారు, నువ్వు వాళ్ళను దింపేయలేదు. నాకూ భయంగా ఉంది. కాస్త ఇలా వచ్చి నా పక్కన కూర్చో. అంతే అడిగింది. భయం తగ్గలేదు. గొంతు మాత్రం వచ్చింది.

"దాన్ని అడగను బావగారూ. ఆ రోజు నన్నడిగారు కదా, ఆ ప్రశ్నకే మళ్ళీ జవాబు చెప్తాను. ఆయన పొగాకు అడగలేదు. నేను విసుక్కోలేదు. మీరు లేవడం లేదని ఆ మాట అల్లి చెప్పాను."

ఇగ్నాస్ మొహం చిట్లించాడు. "అదెలా నెలా? నువ్వు ఒప్పుకున్నాకే గదా మర్నాడు తిమింగలం పడింది?"

"పడింది. నేను అబద్ధం చెప్పాక పడింది."

దామియన్ ఏడేళ్ళలో మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. పాతికేళ్ళవాడి గొంతు చిన్న పిల్లాడిదైపోయింది. "మరి నాన్న ఎందుకు పోయాడమ్మా?"

"తాడు కాలికి చుట్టుకుంది నాన్నా. తాడు వల్ల పోయాడు."

ఆమెకు ఏడుపు వచ్చింది. ఆ రోజు ఏడవనివ్వనిది ఇవాళ వచ్చింది, ఎవరున్నారని చూడకుండా ఏడ్చింది. మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఎవరూ తీర్థం చల్లలేదు, క్షమించమనీ అడగలేదు. ఇగ్నాస్ వెళ్తూ వెళ్తూ పలక బాగుచేయించాలని ఎవరితోనో అంటున్నాడు. దామియన్ మాత్రం వెళ్ళకుండా గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

సెలి మూకుడు దింపి, మాడిన గింజలు పారబోసి, మళ్ళీ పిడికెడు వేసింది. "అయితే అత్తా, ఆ రోజు పొద్దున నిజంగా ఏం జరిగింది?"

పెట్రొనెలా తన ఎడమచెయ్యి కేసి చాలాసేపు చూసుకుంది. పొగాకు కింద పడి ఏడేళ్ళుగా కనపడని పొద్దు నెమ్మదిగా పైకి తేలింది.

"అటుకులు కొడుతుంటే వేళ్ళు కాలాయి. మీ మామ వెళ్ళబోతూ ఆగి, నా చెయ్యి పట్టుకుని వేళ్ళ మీద ఊదాడు. మా ఇంట్లో జరిగింది అదే."