అరువు దోమతెర

కూతురూ మనవరాలూ ఇంకా నిద్రలోనే ఉన్నారు. గంటమ్మ మంచం చుట్టూ తిరుగుతూ, మేకులకు కట్టిన దోమతెర ముళ్ళు ఒక్కొక్కటే విప్పుతోంది. చప్పుడు కాకూడదు, పిల్ల లేవకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా పాస్టరుగారింటి తలుపు తెరుచుకోకూడదు. తెరను పాత మడతల మీదే మళ్ళీ మడిచి, ప్లాస్టిక్ సంచీలో దూర్చి, తుడుపు గుడ్డల కింద బకెట్టులో దాచింది. ఆమె గది చర్చికి వెనకే. పెరడు దాటితే సామాన్ల గది, దాని నిండా దోమతెరల బేళ్ళు. అడుగు బేలుకు కుట్టు ఊడదీసిన చోట సంచీని లోపలికి నెట్టి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది. తర్వాత వెళ్ళి గంట కొట్టింది. చేతులు వణికి గంట ఒక దెబ్బ తప్పి మోగింది.

ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. భర్త పోయిన ఏడాది ఈ పనిలో కుదిరింది. బల్లలు తుడవడం, నేల కడగడం, పెళ్ళికైనా చావుకైనా గంట కొట్టడం, ఇంతే బతుకు. కొవ్వొత్తి తుంట కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి. రాత్రి తెచ్చుకుని పొద్దున్నే పెట్టేస్తే అది అరువే గాని దొంగతనం కాదని తనకు తాను ఎంత చెప్పుకున్నా, మనసు ఒప్పుకుంటేగా.

కిందటి వానల్లో దోమల జ్వరం చాలా ఇళ్ళలో పసిపిల్లల్ని తీసుకుపోయింది. అప్పుడే చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి దోమతెరలకు చందాలు ఎత్తాయి. ఆరాధన అయ్యాక వేలం పెట్టేవాళ్ళు. ఒక గుమ్మడికాయను ఒకరు పాడుకుని తిరిగి దానమిస్తే, ఇంకొకరు పాడుకుని మళ్ళీ దానమిచ్చారు. చివరికది ఎవరింట్లో కూరైందో దేవుడికే తెలియాలి. బేళ్ళు వచ్చాయి. పంపకం ఏ చర్చిలో జరగాలన్న పట్టింపులు తీరేసరికి కొన్ని వారాలు గడిచాయి. అవి తీరాక బిషప్పుగారికి తీరిక దొరకలేదు. ప్రతిష్ఠ ప్రార్థన జరగకుండా పంచడం బాగుండదని పెద్దలు బేళ్ళున్న గదికి తాళం వేయించి, ఆ తాళంచెవి గంటమ్మకే ఇచ్చారు. దోమలు మాత్రం ఎవరి ప్రార్థన కోసమూ ఆగలేదు.

కిందటేడు పోయినవాళ్ళలో ఆమె మనవడూ ఉన్నాడు. పళ్ళొస్తున్నాయి, ఆ జ్వరమేలే అని కూతురికి సర్దిచెప్పింది తనే. కూతురు ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు చీకటి పడి చెవి దగ్గర దోమ రొద పెడితే చాలు, గంటమ్మ లేచి పిల్ల ఒళ్ళు తడిమి చూస్తుంది. పాస్టరుగారింటి అమ్మగారు రాత్రిళ్ళకు అరువిచ్చారని చెప్పి, కూతుర్నీ మనవరాలినీ తెర లోపల పడుకోబెట్టి, తను బయట నేల మీద పడుకుంటోంది. ఈ ముసలి ఎముకల్లో దోమకేం దొరుకుతుందని నవ్వేది కూడా.

ఇవాళ సాయంత్రం బిషప్పుగారు వస్తున్నారు. పొద్దెక్కగానే సంఘపెద్ద కత్తెర పట్టుకుని వచ్చి బేళ్ళు విప్పించడం మొదలుపెట్టాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన అటు తిరిగినా ఇటు తిరిగినా గంటమ్మ ఉలిక్కిపడుతోంది. రెండు రోజులుగా ఈ వణుకు వచ్చి పోతోంది. భయమే అనుకుంది. తప్పు చేసిన ఒళ్ళు వణక్క ఏం చేస్తుంది?

"ఏం గంటమ్మా, అలా వణికిపోతున్నావు?" అన్నాడాయన.

"చలండి."

"ఎండ మాడ్చేస్తుంటే చలేంటి?"

ఆయన నవ్వేశాడు. ఆమెకు మాత్రం దొరికిపోయినట్టే అనిపించి, కొంగు గట్టిగా చుట్టుకుని, చేతులు కనపడకుండా చంకల్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం పాస్టరుగారి భార్య ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఒళ్ళు పెనంలా ఉందనీ, వీధి చివర ఆసుపత్రిలో వేలి నుంచి ఓ చుక్క రక్తం తీసి చూస్తారనీ, మందు ఊరికే ఇస్తారనీ, తను తోడొస్తాననీ చెప్పింది. గంటమ్మ వినలేదు. అడుగు బేలు ఇంకా విప్పలేదు. తను లేనప్పుడు ఆ నలిగిన సంచీ బయటపడితే? పని అయ్యాక వెళ్తానంది. ఆ బేలు విప్పేసరికి ఆసుపత్రి మూసేశారు. సంఘపెద్ద నలిగిన సంచీని ఇటూ అటూ తిప్పి, ఎలకలు దూరినట్టున్నాయని గొణిగి, మిగతావాటిలో పడేశాడు. అంతే. దానికోసం ఆమె పొద్దుట్నుంచీ చచ్చి బతికింది.

సాయంత్రం బిషప్పుగారు దోమల గురించి దోమలే విసుగెత్తేంతసేపు మాట్లాడారు. గంటమ్మ చివరి బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చుంది. వణుకు పోయింది. ఇప్పుడు ఒళ్ళంతా నిప్పు, తల పగిలిపోతోంది. కూతురు ముందు వరసలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఉంది. పిల్ల ఏదో నములుతూ, చల్లగా, హాయిగా కనిపించింది.

"గంటమ్మా, ఇలా రా," అని మైకులో పాస్టరుగారి భార్య గొంతు వినిపించింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి.

అయిపోయింది, అనుకుంది గంటమ్మ. అందరి ముందూ అడుగుతారు. బల్ల పట్టుకుని లేచింది. ఎవరూ ఏమీ అడక్కముందే, "పిల్ల కోసమేనండి అమ్మగారూ, పొద్దున్నే పెట్టేసేదాన్ని," అంది. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. ఆమె బల్లల మధ్య కుప్పకూలింది.

సంఘపెద్ద కారులో, కూతురు పిల్లతో ముందు సీట్లో కూర్చుంటే, వెనక సీట్లో ఆమె తల పాస్టరుగారి భార్య ఒళ్ళో ఉంది. "నువ్వు పొద్దున్నే తెర తెచ్చి పెట్టడం రోజూ చూస్తూనే ఉన్నాను గంటమ్మా. నీకే మొదటిది ఇద్దామని పిలిచాను," అంటూ ఆవిడ ఏడ్చింది. గంటమ్మకు వినపడిందో లేదో తెలియదు. పెద్దాసుపత్రి గేటు చేరేలోపే ఊపిరి ఆగిపోయింది.

కబురు వచ్చేసరికి చర్చిలో పంపకం అయిపోవచ్చింది. చీకటి పడకముందే తెరలు కట్టుకోవాలని జనం తొందర తొందరగా వెళ్ళిపోయారు. ఆ పూట ఎవరూ గంట కొట్టలేదు. మైకు పక్కన, అమ్మగారు ఆమె కోసం తీసి పెట్టిన కొత్త దోమతెర, సంచీ మూతి విప్పకుండానే ఉండిపోయింది.