సున్నాకు వెనక

రఘుపతి చేసిన పిడిని మెచ్చుకోని వాళ్లు కోసాడ్ కాలనీలో లేరు. మెచ్చుకునేదాకా అతను వదిలితే కదా! గుజరాతీల ఊరికి వలస వచ్చి, సలాబత్‌పురాలో ఇరవై ఏళ్లుగా దారాలు చుట్టే వార్పింగ్ మిషన్ నడుపుతున్న మనిషి, కూతురి కోసం విమానం పిడి చేశాడంటే మాటలా?

విమానమంటే కంప్యూటర్‌లోదే, రెండు పంకాల టర్బోప్రాప్. భావన డిప్లొమా చివరి ఏడాదిలో ఉంది. దాన్ని నడిపే సామాను ఇంట్లోనే తయారుచేసి, శనివారం కాలేజీలో పరీక్షకు చూపించాలి. బ్రేకు తొక్కే పెడల్స్, చేత్తో తిప్పే చిన్న స్టీరింగు తనే చేసుకుంది. ఇంజను జోరు పెంచి తగ్గించే ఇనుప పిడిని మాత్రం రఘుపతి నాలుగు ఆదివారాలు కూర్చుని చేశాడు. సున్నా దగ్గర చెయ్యి ఆగడానికి మందపాటి ఇనుప ముక్క ఒకటి వెల్డింగ్ కూడా చేయించాడు. అతని మిషన్‌కు సున్నా అంటే ఆఖరు మరి.

పరీక్ష ముందరి ఆదివారం పొద్దున కూతురి పక్కన కూర్చుని చూశాడు. విమానం దిగింది. ఇక నేల మీద నిదానంగా నడిచి, ఆగే చోటికి చేరాలి. వేగం ఇరవై దాటకూడదట. పిడి సున్నా మీదే ఉన్నా విమానం ముప్పైలో ఉరుకుతోంది. భావన కాలు బ్రేకు మీది నుంచి లేవడం లేదు. కాసేపటికి బ్రేకులు వేడెక్కాయని తెర మీద ఎర్రక్షరాలు పడ్డాయి. శనివారం అవి కనిపిస్తే తప్పినట్టేనని భావన నీరసంగా చెప్పింది.

రఘుపతికి ఒళ్లు మండింది. మిషన్‌ను బ్రేకుతో ఆపేవాణ్ణి అతను కార్ఖానాలో నిలబడనివ్వడు. దారాలన్నీ పటపటా తెగుతాయి.

“బ్రేకెందుకు తొక్కుతున్నవ్ బిడ్డా? పిడి ఇంకా ఎనుకకు గుంజు.”

అంతకంటే రాదని చెప్పి భావన గబుక్కున నోట్‌బుక్ మూసింది. ఆ తొందరే ఆమెను పట్టించింది. రఘుపతి నోట్‌బుక్ లాక్కుని చూశాడు. పిడి బొమ్మలో సున్నాకు వెనక కూడా జాగా ఉంది. అదేమిటని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. పిడి అక్కడికి వస్తే పంకా రెక్కలు వాలు మార్చుకుని, విమానాన్ని ముందుకు లాగడం మానేసి పట్టి ఉంచుతాయట. సరిగ్గా అక్కడే రఘుపతి ఇనుప ముక్క అడ్డంగా కూర్చుని ఉంది.

“ముందుగాల్నే ఎందుకు చెప్పలే?”

“నాలుగు ఐతారాలు కూసొని చేసినవ్ బాపూ. ఎట్ల చెప్పాలె?”

రఘుపతి మనసు చివుక్కుమంది. కాలనీ అంతా చూపించుకు తిరిగిన పిడి! ఆ వెంటనే అంతకన్నా పెద్ద బాధ కలిగింది. తన మనసు నొవ్వకూడదని ఈ పిల్ల పరీక్షే పోగొట్టుకోబోయింది.

“నువ్వు ఫేలైతే నా పానం సల్లగుంటదా?” అంటూ లేచి రంపం తెచ్చాడు.

ముక్క కోసేశాడు. గాల్లో ఉండగా చెయ్యి జారి అక్కడికి పోతే ప్రమాదమని భావన అంటే, ఆ చోట స్ప్రింగు కొక్కెం బిగించాడు. వేలితో ఎత్తితే తప్ప పిడి వెనక్కి రాదు. భావన కంప్యూటర్‌లో కొలతలు మార్చింది. మొదట రఘుపతే లాగాడు, సంబరం కొద్దీ మరీ లాగాడు. విమానం ఆగి, దర్జాగా వెనక్కి నడవసాగింది. పొయ్యి వదిలి వచ్చి చూస్తున్న భార్య ప్రమీల నవ్వు ఆపుకోలేక కూలబడింది. భావన కూడా నవ్వుతుంటే రఘుపతికి ప్రాణం లేచొచ్చింది. ఆ వారమంతా సాయంత్రాలు ఇంట్లో విమానం నడవని రోజు లేదు.

శనివారం కాలేజీలో భావన విమానం పన్నెండు దాటకుండా నడిచింది. బ్రేకు తొక్కలేదంటే పరీక్షకు వచ్చిన సారు నమ్మలేదు. బల్ల కింద కాలు ఏం చేసిందో ఎవరు చూశారన్నాడు.

భావన కుర్చీలోంచి లేచింది.

“బాపూ, నువ్వు నడుపు.”

సామాను మోసుకొచ్చి గోడవారగా నిలబడ్డ రఘుపతి వచ్చి కుర్చీ ఎక్కి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎడమ చేత్తో స్టీరింగు, కుడి చేత్తో పిడి పట్టుకున్నాడు. కొక్కెం ఎత్తి కొంచెం లాగాడు. ఇరవై పన్నెండైంది, పన్నెండు ఎనిమిదైంది. విమానం మలుపు తిరిగి, గీత దగ్గర నెమ్మదిగా ఆగింది. ఎర్రక్షరాలు రాలేదు.

సారు వంగి బల్ల కింద చూశాడు. పెడల్స్ ముందు ఒక జత చెప్పులు తప్ప ఏమీ లేవు. నవ్వుతూ లేచి, ఈ పిడి ఎవరు చేశారని గుజరాతీలో అడిగాడు.

భావనకు జవాబు తెలుగులోనే వచ్చేసింది.

“మా బాపు చేసిండు.”