ఊదుగొట్టం

మూడో జాడీకి గాజు తీసే ముందు బుగ్గలాయన గోడకు చెయ్యి ఆనించి, కొలిమిలోకి చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి కూడదీసుకున్నాడు. పొద్దుటి నుంచి రెండు జాడీలు పోయాయి. రెండూ సగం ఉబ్బి, ఓ పక్కకు జారిపోయాయి.

ముప్ఫై నాలుగేళ్లు గొట్టంతో గాజు ఊదీ ఊదీ ఆయన బుగ్గలు ఖాళీ సంచుల్లా వేలాడతాయి. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు కార్ఖానాలో ఎవరూ మిగల్లేదు. కొలిమి సెగకు కుడి ముంజేతి మీద వెంట్రుక మొలవదు. భార్య ఎంత పొగలు కక్కేది వడ్డించినా చల్లారిపోయిందంటాడు.

పక్క బల్ల బావమరిదిది. అతనికి పని నేర్పింది ఈ బావే. ఆరు నెలల కిందట ఆ బావమరిదే యజమాని దగ్గరికెళ్ళి, బావకు ఊపిరి చాలడం లేదు, అంచులు సానబట్టే పనిలో వేయండని చెప్పాడు. యజమాని ఆ మాట అందరి ముందూ అనేశాడు. అంతే, బుగ్గలాయన బావమరిదితో మాట మానేశాడు. సానబల్ల వైపు కన్నెత్తి చూడలేదు. మధ్యలో నలిగింది భార్య. తమ్ముణ్ణి ఏమీ అనలేదు, మొగుడికీ నచ్చజెప్పలేకపోయింది.

ఇప్పుడు గొట్టం చివర మూడో జాడీ గాజు ముద్ద ఎర్రగా వణుకుతోంది. ఒకటి, రెండు, మూడుసార్లు ఊదాడు. బుడగ ఉబ్బింది. నాలుగోసారి ఛాతీలో పట్టేసింది. గాజు కిందికి జారసాగింది. గొట్టం తిప్పడం ఆపకుండా, తల ఎత్తకుండా అన్నాడు.

"ఊదరా."

బావమరిది పరుగున వచ్చి గొట్టానికి నోరు పెట్టాడు. బుగ్గలాయన తడి కాగితాల మడతతో బుడగను కింద నుంచి కాచుకున్నాడు. ఆవిరి బుస్సుమంది.

"బుగ్గతో కాదు. పొట్టలోంచి. మెల్లగా."

జాడీ నిలిచింది. దాన్ని చల్లార్చే అరలో పెట్టి తలుపు మూస్తూ బుగ్గలాయన అన్నాడు.

"నువ్వు చెప్పింది అబద్ధం కాదు. కానీ ముందు నాకు చెప్పాల్సిందిరా."

"చెప్తే వినేవాడివా బావా?"

"వినేవాణ్ణి కాదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. రేపటి నుంచి సానబల్ల దగ్గరే కూర్చుంటానని బుగ్గలాయన అన్నాడు, యజమానికి ఆ మాట తానే చెప్తానన్నాడు. కాసేపు గాలి పోసుకుంటానంటూ వెనక మెట్ల మీదికి వెళ్ళాడు.

పని దిగే వేళకు బావమరిది వెళ్ళి బావ భుజం తట్టాడు. గోడకు ఆనిన తల పక్కకు ఒరిగిపోయింది. మోకాళ్ళ మీది చేతులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, ఊపిరి మాత్రం లేదు. అక్కకు ఏమని చెప్పాలో తోచక, అతను ఆ మెట్టు మీదే బావ పక్కన కూర్చుండిపోయాడు.

అందరూ కలిసి ఆయన్ను మోసుకెళ్ళాక లోపల ఎవరూ లేరు. తలుపు వెనక మేకుకు, ఆయన ఇంటికి వేసుకెళ్ళే తెల్లచొక్కా ఇస్త్రీ మడత నలగకుండా వేలాడుతోంది.