రేపు పెడతానన్న లైను

ఎదురుగా ఉన్నప్పుడు 'సార్', పక్కకి తిరగగానే 'సలహారావు'. ఆ పేరు పెట్టినవాళ్లెవరోగానీ కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. కంపెనీలవాళ్లు పిలుస్తారు, అతను వెళ్తాడు, వాళ్ల ప్రోగ్రాములు తిరగేస్తాడు, పెదవి విరుస్తాడు, ఇరవై పేజీల సలహాలు రాసిచ్చి చేతులు దులుపుకుంటాడు. దాన్ని కన్సల్టెన్సీ అంటారు. పని మాత్రం మిగిలినవాళ్లు చేసుకోవాలి.

ఈసారి పిలిచిన కంపెనీ రక్తపరీక్షల ల్యాబులకి సాఫ్ట్‌వేర్ రాసి పెడుతుంది. మూడో అంతస్తులో ఒకే పెద్ద గది, పద్నాలుగు బల్లలు, పనిచేసేదానికంటే ఎక్కువ చప్పుడు చేసే ఒక ఏసీ. కిటికీ పక్క బల్ల అక్కది. ఆవిడకి యాభై రెండేళ్లు. పంతొమ్మిదేళ్లుగా అక్కడే ప్రోగ్రాములు రాస్తోంది. చిన్నకూతురి చదువు ఇంకో రెండేళ్లుంది, అది అయిపోతే ఉద్యోగం మానేసి కాళ్లు చాపుకుని కూర్చుంటానని రోజూ అంటుంది. నిన్న చేరినవాళ్లనుంచి మేనేజరుదాకా అందరికీ ఆవిడ అక్కే. మేనేజరు కుర్రాడిగా చేరినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది కూడా ఆవిడే.

సలహారావు అక్కడ పట్టిన మొదటి జబ్బు, రాత. పదిమంది పదిరకాలుగా రాశారు. ఒకరు లైను మొదట్లో రెండు ఖాళీలు వదిలితే ఇంకొకరు ఎనిమిది వదిలారు. "ఇది ప్రోగ్రామా, చిత్తుకాగితాల బుట్టా?" అన్నాడు గదంతా వినిపించేలా. ఫైళ్లన్నిటినీ ఒక్క దెబ్బతో ఒకే పద్ధతిలోకి సర్దిపెట్టే టూలు ఒకటుంది, దాన్ని నడపమన్నాడు. అర్థం మారదు, రూపం మాత్రమే మారుతుంది.

నడపడానికి ఎవరూ ముందుకు రాలేదు. మూడు లక్షల లైన్లు ఒకేసారి కదులుతాయి, ఎక్కడైనా తేడా వస్తే మెడకి చుట్టుకుంటుందని అందరూ తమ తమ స్క్రీన్లలో తల దూర్చారు. చివరికి అక్కే "నేను నడుపుతాలెండి" అంది. అని ఊరుకోలేదు, అసలు సంగతి అడిగింది.

"నడిపాక ప్రతి లైనునీ చివరిసారి ముట్టుకున్నది నేనే అవుతాను కదండీ. రేపెవరైనా బ్లేమ్ కొడితే అన్నిటికీ నా పేరే వస్తుంది."

బ్లేమ్ అంటే నింద. ఏ లైను చివరిగా ఎవరి చేతిమీదుగా మారిందో పేరుతో సహా చూపించే కమాండు అది. ఎవరు రాశారో చూపించే దానికి నింద అని పేరు పెట్టినవాడెవడోగానీ, మనుషుల్ని బాగా చదివినవాడే అయ్యుంటాడు.

"దానికో మార్గం ఉందిలెండి," అన్నాడు సలహారావు. "ఈ సర్దుడు మార్పుని లెక్కలోకి తీసుకోవద్దని ఒక ఫైల్లో ఒక్క లైను రాసిపెడితే చాలు. బ్లేమ్ దీన్ని దాటేసి అసలు రాసినవాళ్ల పేర్లే చూపిస్తుంది. రేపు నేనే పెడతాను."

"మర్చిపోరు కదా?"

"భలేవారే! ఒక్క లైనండీ."

అక్క ఒక శనివారం ఒంటరిగా కూర్చుని టూలు నడిపింది. మూడు లక్షల లైన్లూ బడిపిల్లల్లా వరసలో నిలబడ్డాయి. ఏదీ చెడలేదు. సలహారావు మిగిలిన సలహాల మీద పడ్డాడు. ఎవరు ఏ మార్పు చేసినా తను చూసి ఆమోదించాకే లోపలికి వెళ్లాలన్నది ఒకటి. ఆమోదం కోసం జాబితాలో పడి ఉండి నెల రోజులుగా ఎవరూ కదపని మార్పుల్ని ఒక బాట్, అంటే మనిషి అక్కర్లేకుండా దానంతట అదే తిరిగే చిన్న ప్రోగ్రాము, మూసెయ్యాలన్నది ఇంకొకటి. ఆ బాట్‌కి వేరే ఖాతా తెరవాలి. అంత ఓపిక లేక, తర్వాత మార్చుకోవచ్చులే అని తన ఖాతాతోనే నడిపించాడు. ఈ హడావిడిలో రేపు పెడతానన్న లైను గాలికి పోయింది. కావాలని చెయ్యలేదు పాపం. అతనికి చిన్న పనులు గుర్తుండవు, అంతే.

మూడో నెలలో కొత్తగా చేరిన ల్యాబు ఒకటి, రోగుల నంబర్లు లేకుండా వివరాలు పంపింది. నంబరు లేకపోతే పేరూ పుట్టిన సంవత్సరమూ చూసి రిపోర్టు పంపెయ్యమని ప్రోగ్రాములో ఒక మూల ఒక లైను ఉంది. ఒకే పేరు, ఒకే సంవత్సరం ఉన్నవాళ్లు లోకంలో ఇద్దరుండరని అనుకున్నాడు కాబోలు అది రాసిన మహానుభావుడు. పదకొండు మందికి వేరేవాళ్ల రిపోర్టులు వెళ్లాయి. అందులో ఒకావిడకి అంతా బాగుందని వెళ్లింది. బాగాలేదు. నిజం తెలిసి ఆసుపత్రిలో చేరేసరికి తొమ్మిది రోజులు గడిచిపోయాయి.

ల్యాబువాళ్లు మేనేజరుని నిలదీశారు. వాళ్లకి కారణాలు అక్కర్లేదు, ఒక పేరు కావాలి. మేనేజరు బ్లేమ్ కొట్టాడు. అక్క పేరు వచ్చింది. రాకేం చేస్తుంది? ఆ ప్రోగ్రాములో ఏ లైను మీద కొట్టినా ఆ పేరే వస్తుంది.

మేనేజరు సలహారావుని తన గదిలోకి పిలిచి తలుపు మూశాడు. "రేపు పదకొండింటికి ల్యాబువాళ్లతో మీటింగు సార్. మీలాంటివాళ్లు ఒక మాట అంటే వాళ్లకి నమ్మకం. అన్నట్టు, మీ కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించే కాగితం నా దగ్గరే ఉంది. ఈ గొడవ తేలగానే పంపించేస్తాను."

సలహారావు తన బల్ల దగ్గరికొచ్చి, అక్క చేసిన సర్దుడుకి ముందు ఆ లైను ఎవరిదో చూశాడు. నిమిషం పట్టింది. పన్నెండేళ్ల క్రితం రాశారు. రాసింది మేనేజరు. పైన ఒక వ్యాఖ్య కూడా పెట్టాడు: 'ప్రస్తుతానికి ఇలా ఉంచుదాం.'

సలహారావుకి భయం పట్టుకుంది. అక్క గురించి కాదు. అసలు పేరు బయటికొస్తే, ఇన్నాళ్లూ తప్పుడు పేరు ఎందుకు చూపించిందన్న ప్రశ్న వస్తుంది. ఆ తర్వాత, పెడతానన్న లైను ఎందుకు పెట్టలేదన్న ప్రశ్న వస్తుంది. ముందు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది అతనికి.

మర్నాడు పొద్దున ఇంట్లో భార్య భోజనాల బల్ల మీద పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. ఎవరో తెలిసినాయనకి ఇలా జరిగిందట అంటూ కథంతా చెప్పాడు.

"అంటే చివరిగా ఎవరి చెయ్యి పడితే తప్పు వాళ్లదేనా?" అందావిడ పేపర్లోంచి తలెత్తకుండా. "అలాగైతే మా క్లాసులో నలభైమంది తప్పులూ నావే. ప్రతి పేపరు మీదా చివరి గీత నా ఎర్రపెన్నుదేగా."

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"అసలు రాసిందెవరో మీ తెలిసినాయనకి తెలుసా?"

"తెలిసే ఉంటుంది."

"అయితే చెప్తాడులెండి," అని ఇంకో పేపరు తీసుకుంది.

పదకొండింటికి అద్దాల గదిలో కూర్చున్నారు. ల్యాబు తరఫున వచ్చినావిడ నోట్‌బుక్ తెరిచి పెట్టుకుంది. గోడ మీది పెద్ద స్క్రీన్ మీద ఆ లైను, దాని పక్కన అక్క పేరు.

"మేడం, ఈ లైను మీ పేరుమీద ఉంది," అన్నాడు మేనేజరు.

అక్క స్క్రీన్ వంక చూడలేదు, అతని వంక చూసింది. పన్నెండేళ్లలో అతను ఆవిడని మేడం అనడం అదే మొదటిసారి. ఆ ఒక్క మాటతో ఆవిడకి అంతా అర్థమైపోయింది.

"అన్ని లైన్లూ నా పేరుమీదే ఉంటాయి. సర్దే టూలు నడిపింది నేను. రాసింది నేను కాదు. నా పేరు ఎందుకొచ్చిందో సార్‌కి తెలుసు, సార్ చెప్తారు."

అందరూ సలహారావు వైపు తిరిగారు. అతను గ్లాసెత్తి నీళ్లు తాగాడు.

"టూలు ప్రకారం చూస్తే... ఈ లైను మీద మేడం పేరే ఉందండీ."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే దాని దరిద్రం.

"అంతేనా సార్?" అంది అక్క.

"ఇంకా వెనక్కి వెళ్లి చూడాలంటే... చాలా టైం పడుతుంది."

ల్యాబు ఆవిడ పేరు రాసుకుంది. మేనేజరు ల్యాప్‌టాప్ మూసి, "ఎవరి పేరుంటే వాళ్లు బాధ్యత తీసుకోవాలి మేడం, మనం పెట్టుకున్న పద్ధతే కదా," అన్నాడు. అక్క లేచి కుర్చీ సర్ది బయటికి వెళ్లింది. శుక్రవారం ఆఖరి రోజన్నారు.

గురువారం మంచినీళ్ల ఫిల్టరు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. సలహారావు సీసా నిండేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"యాభై రెండేళ్లకి నన్నెవరు పిలుస్తారు సార్?" అంది అక్క. "మా చిన్నదానికి ఇంకా చెప్పలేదు."

"నేను మాట్లాడి చూస్తానండీ."

"రేపా?" అంది అక్క.

సీసా పొర్లిపోయి అతని బూట్లు తడిశాయి. అక్క కుళాయి కట్టేసి వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి సలహారావు ఆమోదించాల్సిన జాబితాలోకి ఒక మార్పు వచ్చింది. పెట్టింది అక్క. ఒకే ఫైలు, అందులో ఒకే లైను. కింద వివరణ ఇలా ఉంది: 'సార్ రేపు పెడతానన్న లైను. నేనే పెడుతున్నాను.'

ఆకుపచ్చ బటన్ ఒక్కసారి నొక్కితే చాలు. ఇక ఎవరు బ్లేమ్ కొట్టినా రిపోర్టులు తారుమారు చేసిన లైను పక్కన మేనేజరు పేరు వస్తుంది, పద్నాలుగు బల్లలకీ కనపడుతుంది, ల్యాబువాళ్లు మళ్లీ అడుగుతారు, అక్కని వెనక్కి పిలవక తప్పదు. తల ఎత్తి చూస్తే కిటికీ పక్క బల్ల మీద కప్పు లేదు, కుర్చీకి వేలాడే స్వెట్టరు లేదు. సోమవారం చూద్దామనుకున్నాడు.

సోమవారం పొడిగింపు కాగితం వచ్చింది. సంతకం పెట్టాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆ మార్పు తెరిచేవాడు, చదివేవాడు, మూసేవాడు. మింగలేక కక్కలేక రెండు వారాలు గడిపాడు. మూడో వారంలో మేనేజరు భుజం మీద చెయ్యేసి, "అక్క వెళ్తూ వెళ్తూ ఏదో పెట్టిందట?" అని అడిగాడు. ఆవిడ లేదు కాబట్టి మళ్లీ అక్కే అయింది. "చిన్నదే, చూస్తున్నాను," అన్నాడు సలహారావు.

ఇంట్లో భార్య కూడా ఒకరోజు బట్టలు మడతపెడుతూ అడిగింది. "మీ తెలిసినాయన చెప్పాడా?"

"ఏమో. మళ్లీ కలవలేదు."

ఆవిడ చేతిలో చొక్కా అలాగే పట్టుకుని అతన్ని కాసేపు చూసింది. చూసి, ఆ చొక్కా మడత పెట్టకుండా మంచం మీద పడేసి లోపలికి వెళ్లిపోయింది. అది అతని చొక్కాయే.

ముప్పై ఒకటో రోజు పొద్దున ఆఫీసుకొచ్చి జాబితా తెరిచేసరికి అక్క మార్పు కనపడలేదు. నెల దాటింది కదా, బాట్ తన పని తను చేసుకుపోయింది. అమ్మయ్య అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, పైకి కూడా అన్నాడేమో, పక్క బల్లవాళ్లు తల తిప్పి చూశారు. నేను కాదనలేదు, అదే మూసుకుపోయింది, అని తనకి తాను చెప్పుకుని, మూతపడినవాటి జాబితాలోకి ఒకసారి తొంగి చూశాడు.

అక్కడ మూడు ముక్కలున్నాయి. పెట్టినవారు: అక్క పేరు. కారణం: నెల రోజులుగా ఎవరూ పట్టించుకోలేదు. మూసినవారు: అతని పేరు. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం పోకుండా. బాట్‌కి వేరే ఖాతా తెరవలేదు కదా.

ఆ మూడు నాలుగు నెలల్లో ఆ ఆఫీసులో టూలు సరిగ్గా చెప్పిన పేరు అదొక్కటే.