ఆగని పంతులమ్మ

టీవీలో పంతులమ్మ అబద్ధమాడింది. సన్యాసమ్మ కళ్లారా చూసింది, చెవులారా వింది.

వలసొచ్చిన తెలుగువాళ్లుండే టికియాపారాలోని ఆ చిన్న తెలుగు బడిలో ఆమె మనవరాలు గౌరి చదువుతోంది. తల్లి పోయిన ఏడు పిల్లకు నత్తి పట్టుకుంది. ఒకసారి గుమ్మం దాటినవాళ్లు తిరిగి రాకపోవడం ఎరిగిన మనిషి కనుక, సన్యాసమ్మ బడి వదిలేదాకా అరుగుమీదే కూర్చునేది. అరుంధతి పంతులమ్మ ఉన్నన్నాళ్లూ, పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడ్డట్టు గౌరి మాట కోసం ఓపిగ్గా నిలబడేది. వేసవి సెలవుల తర్వాత ఆమె రాలేదు. సీడీల్లో ఆమె పాఠాలొచ్చాయి.

బొమ్మలు బాగున్నాయి, కాదనకూడదు. తెరమీద గోదారి పారుతుంటే సన్యాసమ్మ కూడా కిటికీలోంచి చూసి మురిసింది. ఆ తర్వాతే పంతులమ్మ ఋతువుల పేర్లు చెప్పమంది. గౌరి లేచి "వ... వ..." అంటూండగానే, "శభాష్, చక్కగా చెప్పారు. కూర్చోండి" అని నవ్వింది. పిల్లలు గొల్లుమన్నారు. మర్నాటినుంచి గౌరి ఇంట్లో కూడా నోరు విప్పలేదు.

సన్యాసమ్మ అడగబోతే బడి కార్యదర్శి సోమయాజులు ఓపిగ్గానే నచ్చజెప్పాడు. జ్వరమొచ్చి మానేసినవాళ్లు పాఠం మళ్లీ చూసుకోవచ్చట. షాలిమార్ బడి పిల్లలకూ ఇవే పాఠాలట. అన్నీ నిజమే. అందుకే సన్యాసమ్మకు ఒళ్లు మండింది.

"సెప్పని పిల్లకి శభాసంటే అదేటి సదువు బాబూ? సీపురట్టకుండా ఈది శుభ్రమయిపోనాదని ఊడ్సే మా కార్పొరేషనోళ్లమెప్పుడైనా అన్నామా?"

పంతులమ్మనూ కడిగేద్దామని ఆమె ఉండే భవానీపూర్ బయల్దేరింది. ఊరేగింపు అడ్డొచ్చి బస్సు ఆగిపోతే సగం దారి నడిచింది. అంతా విన్న అరుంధతి మొహం పాలిపోయింది. వానలకు వీధులు మునిగి తాను రాలేని రోజుల కోసమని చెప్పి బడివాళ్లు ఆ పాఠాలు తీయించారట. తీసిన వారానికే, ఇక రానక్కర్లేదన్నారట. పిల్లలతో ఒక మాట చెప్పి వెళ్లనివ్వలేదట.

మర్నాడు అరుంధతి వచ్చి తరగతిలో వెనక గోడనానుకుని నిలబడింది. మళ్లీ అదే ఋతువుల పాఠం పెట్టారు. సన్యాసమ్మ బతిమాలితే గౌరి లేచింది. తెరమీది అరుంధతి శభాష్ అంది, కూర్చోమంది. పిల్ల కూర్చోబోయింది.

"కూర్చోకమ్మా. నేనింకా వినలేదు," అంది వెనకనుంచి అరుంధతి. వచ్చి టీవీ కట్టేసింది.

సోమయాజులు గుమ్మంలోకొచ్చి ఏదో అనబోయాడు. సన్యాసమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి బాబూ. పిల్ల సెప్తంది."

"వ..." అంది గౌరి. "వ..."

ఎవరూ నవ్వలేదు. అందరూ ఆగారు.